అడిగిన ప్రశ్నలోనే దాడి ఉంది: 1941లో హొనొలూలూ కాన్సులేట్ టెలిగ్రాంలు

(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

1941 సెప్టెంబరు 24న టోక్యో విదేశాంగ శాఖ హొనొలూలూలో ఉన్న జపాన్ కాన్సులేట్‌కి ఒక టెలిగ్రాం పంపింది. దాని సంఖ్య 83. అక్కడికి దగ్గర్లో ఉన్న అమెరికా నౌకా స్థావరం పెర్ల్ హార్బర్ నీటిని ఐదు భాగాలుగా విడగొట్టి, ఇకనుంచి ఓడల వివరాలు భాగాలవారీగా పంపమని అందులో అడిగారు. రేవు మధ్యలో ఉన్న ఫోర్డ్ దీవికీ ఆయుధాగారానికీ మధ్య నీళ్లు ‘ఎ’. ఆ దీవికి దక్షిణాన, పడమరన ఉన్నవి ‘బి’. తూర్పు పాయ ‘సి’, మధ్య పాయ ‘డి’, పడమటి పాయా దానికి చేరే దారులూ ‘ఇ’. యుద్ధనౌకల్లో ఏది లంగరు మీద ఉంది, ఏది రేవుకి కట్టి ఉంది, ఏది డాక్‌లో ఉంది, వీలైతే ఏ రకం, ఏ తరగతి అన్నది కూడా రాయమన్నారు. చివర్లో ఇంకో కోరిక ఉంది: ఒకే రేవు దగ్గర రెండు మూడు ఓడలు పక్కపక్కన ఉంటే ఆ సంగతి ప్రత్యేకంగా చెప్పండి.

ఈ చివరి కోరిక దగ్గర కాసేపు ఆగాలి. ఓడలు ఎప్పుడు బయల్దేరతాయో, ఎటు వెళ్తాయో తెలుసుకోవాలనుకునే వాడికి అవి ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయా అన్నది అనవసరం. నిలబడి ఉన్న ఓడల్ని కొట్టాలనుకునే వాడికి అదే ముఖ్యం. ఎందుకంటే జంటగా కట్టిన ఓడల్లో టార్పెడో తగిలేది బయటి ఓడకే, లోపలిది దాని చాటున ఉంటుంది. లోపలి ఓడని ముంచాలంటే పైనుంచి బాంబు పడాలి, ఆ బాంబు ఉక్కు డెక్కుని చీల్చుకుని దిగాలి. అందుకే డిసెంబరు 7న జపాన్ పెర్ల్ హార్బర్ మీద చేసిన దాడి మొదటి దఫాలో 40 విమానాలు టార్పెడోలు మోస్తే, 49 విమానాలు ఒక్కొక్కటి 800 కిలోల బాంబు మోశాయి. ఆ బాంబులు 40 సెంటీమీటర్ల నౌకా ఫిరంగి గుండ్లని చెక్కి, తోకలు తగిలించి తయారు చేసినవి. సుమారు 3,000 మీటర్ల ఎత్తునుంచి వదిలారు. జరిగింది కూడా అలాగే. బయటివైపు ఉన్న యుద్ధనౌక ఓక్లహామా టార్పెడోలు తిని బోల్తాపడింది. దాని చాటున ఉన్న మేరీలాండ్ తక్కువ దెబ్బతో బయటపడింది. బయట వెస్ట్ వర్జీనియా మునిగితే లోపలి టెనెసీ తేలుతూనే ఉంది. అరిజోనాని పేల్చింది పైనుంచి పడిన బాంబే.

టెలిగ్రాం 83లో అడిగిన ప్రశ్నే రెండున్నర నెలల తర్వాత ఆయుధాల పంపకంగా కనిపించింది. గూఢచర్య చరిత్రలో ఇంత స్పష్టమైన ఉదాహరణలు తక్కువ. వేగులవాడు పంపిన జవాబుకన్నా అతడికి వచ్చిన ప్రశ్నే శత్రువు ఉద్దేశాన్ని ఎక్కువగా బయటపెడుతుంది. అమెరికా ఆ ప్రశ్నని పట్టుకుంది, విప్పింది, అనువదించింది. అయినా అది చేరవలసిన చోటికి చేరలేదు. ఎందుకు చేరలేదన్నదే ఈ రోజు నేను వివరంగా చెప్పదలచుకున్నది.

ముందు జవాబులు పంపిన మనిషి సంగతి. పేరు తకేవో యొషికావా. ఎతజిమా నౌకాదళ అకాడమీలో 1933లో పట్టా పుచ్చుకున్నాడు. కడుపు జబ్బు వల్ల ఓడల మీద ఉద్యోగం పోయింది, నౌకా గూఢచారి విభాగంలో చేరాడు. ఏళ్ల తరబడి అమెరికా నౌకాదళం గురించి చదివి, ఓడ ఆకారం చూసి తరగతి చెప్పగలిగేలా తయారయ్యాడు. 1941 మార్చి 27న నిట్టా మారు అనే ఓడలో హొనొలూలూలో దిగాడు. పాస్‌పోర్టులో పేరు తదాషి మొరిమురా, హోదా కాన్సులేట్ ఉద్యోగి. అతడి అసలు పని తెలిసింది కాన్సల్ జనరల్ నగావొ కితాకీ, ఇంకా ఒకరిద్దరికీ.

పని పద్ధతి చాలా మామూలుగా ఉంటుంది. అలేవా కొండమీద షున్‌చోరో అనే జపనీస్ భోజనశాల ఉండేది. మేడమీద గదిలోంచి నౌకాశ్రయం కనిపిస్తుంది, అతిథులు చూడడానికి అక్కడ దుర్భిణి కూడా ఉంది. ఐయేయా కొండలమీద చెరకు తోటల్లోంచి ఇంకో కోణం. పెర్ల్ సిటీ ద్వీపకల్పం కొసన నిలబడితే ఫోర్డ్ దీవి రన్‌వే ఎదురుగా ఉంటుంది. జాన్ రోజర్స్ విమానాశ్రయం నుంచి పర్యాటకుల విమానం అద్దెకు తీసుకుని వైమానిక స్థావరాల మీదుగా తిరిగాడు. అద్దాల అడుగున్న పడవలో కానెయోహే అఖాతం చుట్టి వచ్చి, అది పెద్ద ఓడలు నిలిచేంత లోతు లేదని తేల్చాడు. ఫొటోలు తీయలేదు. చూస్తూ చూస్తూ ఏమీ రాసుకోలేదు. కాన్సులేట్‌కి తిరిగొచ్చాకే కాగితం ముట్టుకున్నాడు. దారిలో ఎవరైనా ఆపి సోదా చేసినా దొరికేది ఏమీ ఉండదు. ఇందులో ఏదీ పైకి నేరంలా కనిపించదు, అక్కడే చిక్కంతా ఉంది.

రోజూ చూసినవాడికి రెండు సంగతులు పట్టుబడ్డాయి. శని, ఆదివారాల్లో నౌకాదళం ఎక్కువగా రేవులోనే ఉంటోంది. గస్తీ విమానాలు ఉత్తరం వైపు పెద్దగా వెళ్లడం లేదు. ఈ రెండే దాడి రోజునీ, వచ్చే దిక్కునీ బలపరిచాయి. నవంబరు 1న తైయో మారు అనే ప్రయాణికుల ఓడ హొనొలూలూ చేరింది. మామూలు దారి వదిలి ఉత్తర సముద్రం మీదుగా వచ్చింది. అందులో మారుపేరుతో ఉన్న నౌకాదళ అధికారి సుగురు సుజుకి, దారిలో ఎదురయ్యే ఓడలు, గాలి, అలలు లెక్కగట్టడానికే వచ్చాడు. ఓడ రేవులో ఉండగా కితా చేతికి దాదాపు వంద ప్రశ్నలున్న కాగితం అందింది. ఓడలు ఎక్కువగా ఉండే రోజేది అన్నది వాటిలో ఒకటి. ఆదివారం అని జవాబు.

టెలిగ్రాం 83కి కూడా వారంలోపే పద్ధతి కుదిరింది. సెప్టెంబరు 29న హొనొలూలూ తన గుర్తులు పంపింది. నేవీ యార్డులో మరమ్మతు డాక్ ‘కెఎస్’. పెద్ద రేవు, అంటే టెన్-టెన్ పియర్, ‘కెటి’. ఫోర్డ్ దీవి దగ్గర లంగరు స్థానాలు ‘ఎఫ్‌వి’. దీవికి ఆనుకుని ఉంటే ‘ఎఫ్‌జి’, తూర్పు పక్కకి ఎ, పడమటి పక్కకి బి. ఇక రెండక్షరాల్లో ఓడ చోటు చెప్పేయవచ్చు.

ఇప్పుడు గొట్టం సంగతి, అంటే ఈ సమాచారం ఏ దారిన పోయిందన్నది. కాన్సులేట్‌లో రహస్య రేడియో లేదు. టెలిగ్రాంలన్నీ హొనొలూలూ ఊళ్లోని వాణిజ్య కంపెనీల ద్వారానే వెళ్లాయి. నవంబరులో మెకే కంపెనీ, డిసెంబరులో ఆర్‌సీఏ, ఇలా నెలనెలా వంతులేసి పంచేవారు. డబ్బు కట్టి, రసీదు తీసుకుని, సంకేతాక్షరాల కాగితం కౌంటర్లో ఇచ్చేవారు. ఆ కాగితం నకలు నౌకాదళ గూఢచారి అధికారి కెప్టెన్ ఇర్వింగ్ మేఫీల్డ్‌కి ఎందుకు అందలేదు? 1934 కమ్యూనికేషన్స్ చట్టంలోని 605వ సెక్షన్ ఒకరి సందేశాన్ని ఇంకొకరికి చూపడాన్ని నిషేధించింది. కంపెనీలు చట్టం చూపించి కాదన్నాయి. నవంబరులో ఆర్‌సీఏ అధ్యక్షుడు డేవిడ్ సార్నోఫ్ హొనొలూలూ వచ్చినప్పుడు మాట్లాడి ఒప్పించారు. కానీ ఆర్‌సీఏ వంతు డిసెంబరులో వచ్చింది. మొదటి కట్ట మేఫీల్డ్ చేతికి చేరింది డిసెంబరు 5న. వాటిలో విప్పగలిగినవి విప్పేసరికి దాడి జరిగిపోయింది.

మేఫీల్డ్ కాన్సులేట్ ఫోన్లు కూడా వింటుండేవాడు. ఎఫ్‌బీఐ వేరుగా పెట్టిన తీగ ఒకటి ఫోన్ కంపెనీ పనివాడి కంట పడడంతో వ్యవహారం బయటికి పొక్కుతుందని భయపడి డిసెంబరు 2న తన తీగలన్నీ పీకించేశాడు. ఐదు రోజుల ముందు!

సైన్యం మాత్రం ఫోర్ట్ షాఫ్టర్‌లోని ఎంఎస్-5 కేంద్రంలో గాలిలోంచి ఈ సందేశాల్ని పట్టుకునేది. టెలిగ్రాం 83 అక్కడే దొరికింది. కానీ విప్పే పని హవాయిలో జరగదు. కాగితాల్ని విమాన టపాలో, వాతావరణం బాగాలేకపోతే ఓడలో, వాషింగ్టన్‌కి పంపాలి. అది అనువాదమై బల్లమీదికి వచ్చింది అక్టోబరు 9న, అంటే 15 రోజులకి.

సంకేతాల రకాలు తెలిస్తేనే ఈ ఆలస్యం అర్థమవుతుంది. పెద్ద రాయబార కార్యాలయాలకి జపాన్ ఒక యంత్రం ఇచ్చింది. అమెరికన్లు దానికి పెట్టుకున్న పేరు పర్పుల్. 26 అక్షరాల్ని 6, 20 గా విడగొట్టి, టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీల్లో వాడే స్టెప్పింగ్ స్విచ్‌లతో మార్చేది. అమెరికా సైన్యపు సంకేత నిపుణులు విలియం ఫ్రీడ్‌మన్, ఫ్రాంక్ రౌలెట్‌ల బృందం దాన్ని కంటితో చూడకుండానే నకలు యంత్రం కట్టింది. 1940 సెప్టెంబరు 20న జెనెవీవ్ గ్రోట్యన్ అనే యువతి కాగితాల్లో పునరావృతమయ్యే జాడలు గుర్తుపట్టడంతో చిక్కుముడి విడింది. ఆ యుగంలోని గొప్ప బౌద్ధిక విజయాల్లో ఇదొకటని నా అభిప్రాయం. ఆమె పేరు ఇంకా ఎక్కువమందికి తెలియాలి.

హొనొలూలూ కాన్సులేట్‌కి ఆ యంత్రం లేదు. వాళ్లవి చేతిరాత సంకేతాలు, ముఖ్యంగా జె-19, పిఎ-కె2 అనే రెండు. జె-19లో మాటలకీ అక్షరాలకీ రెండక్షరాల, నాలుగక్షరాల గుర్తులుంటాయి. అలా మార్చిన అక్షరాల్ని గళ్ల కాగితంలో అడ్డంగా నింపి, ఆ రోజు తాళం చెప్పిన వరసలో నిలువుగా తీసి పంపాలి. గళ్లలో కొన్ని ఖాళీగా వదలాలి. ఈ ఖాళీల వల్ల నిలువు వరసల పొడవు ఒక్కోటి ఒక్కోలా ఉంటుంది, ఏ వరస ఎక్కడ ముగిసిందో విప్పేవాడికి తెలియదు. తాళం రోజూ మారుతుంది. పిఎ-కె2 దీనికన్నా తేలిక, అందులో ఖాళీ గళ్లు లేవు.

వాషింగ్టన్‌లో సైన్యం సరిసంఖ్య తేదీల సందేశాలు, నౌకాదళం బేసి తేదీలవి పంచుకున్నాయి. జపనీస్ చదవగలిగిన అనువాదకులు చాలా తక్కువ. కాబట్టి వరస పెట్టారు: పర్పుల్ ముందు, తర్వాత జె-19, ఆ తర్వాత మిగిలినవి. గట్టి పెట్టెలో పెట్టింది విలువైనదని అనుకోవడం సహజమే. రాయబారుల చర్చలకి ఈ లెక్క సరిపోయింది. నౌకాదళ గూఢచారికి సరిపోలేదు. టోక్యో తన రాయబారులకి దాడి సంగతి చెప్పలేదు. దాడికి కావలసిన ప్రశ్నలు మాత్రం తేలిక సంకేతాల్లో హొనొలూలూకి పోతున్నాయి. అమెరికన్ విభాగం సందేశాల్ని సంకేతం గట్టిదనాన్ని బట్టి పేర్చింది గాని ఏ ఊరికి పోతున్నాయో, ఏం అడుగుతున్నాయో బట్టి పేర్చలేదు. అసలు తప్పు ఇదేనని నేను నమ్ముతాను.

తేదీలు చూడండి. నవంబరు 15న టోక్యో, సంబంధాలు విషమంగా ఉన్నాయి గనక రేవులో ఓడల నివేదిక వారానికి రెండుసార్లు, అదీ వేళాపాళా లేకుండా పంపమంది. అనువాదం డిసెంబరు 3. నవంబరు 29న, కదలికలు లేకపోయినా ఆ సంగతి కూడా పంపమంది. అనువాదం డిసెంబరు 5. డిసెంబరు 2న, పెర్ల్ హార్బర్ మీద విమానాల్ని అడ్డుకునే బెలూన్లు ఎగురుతున్నాయా, యుద్ధనౌకలకి రక్షణ వలలు ఉన్నాయా అని అడిగింది. అనువాదం డిసెంబరు 30.

వలల ప్రశ్న ఎందుకో కూడా చెప్పాలి. రేవులో నీటి లోతు సుమారు 12 మీటర్లు. విమానం వదిలిన టార్పెడో ముందు లోతుకి మునిగి తర్వాత పైకి తేలుతుంది, ఇంత తక్కువ లోతులో బురదలో దిగబడుతుంది. జపాన్ ఇంజినీర్లు తోకకి చెక్క రెక్కలు తగిలించి, పైలట్లు చాలా కింద ఎగిరి ఆ ఇబ్బంది దాటారు. కానీ ఓడ చుట్టూ వల వేలాడుతుంటే ఈ శ్రమంతా వృథా. డిసెంబరు 6న యొషికావా జవాబు పంపాడు: బెలూన్ల జాడ లేదు, యుద్ధనౌకలకి టార్పెడో వలలు లేవని తన అభిప్రాయం, ఆకస్మిక దాడికి అవకాశం చాలా ఉంది. ఆ సాయంత్రమే ఇంకొకటి: 9 యుద్ధనౌకలు, 3 తేలిక క్రూయిజర్లు, 3 జలాంతర్గామి సహాయక నౌకలు, 17 డిస్ట్రాయర్లు లంగరు మీద, మరికొన్ని డాకుల్లో. విమానవాహక నౌకలూ భారీ క్రూయిజర్లూ వెళ్లిపోయాయి. యుద్ధనౌకలు నిజానికి ఎనిమిదే, లెక్క ఒకటి తప్పింది. వాహక నౌకల మాట నిజమే. భారీ క్రూయిజర్లు కొన్ని రేవులోనే ఉన్నాయి, అవి అతడి లెక్కలోకి రాలేదు. ఈ రెండు సందేశాలూ పిఎ-కె2లో ఉన్నాయి. వాషింగ్టన్‌లో అనువాదమైంది 8న.

ఇంకొకటి దీనికన్నా బాధ కలిగించేది. ఒటో క్యూన్ అనే జర్మన్ హవాయిలో స్థిరపడి ఉన్నాడు. దాడి తర్వాత కాన్సులేట్ మూతపడుతుంది కాబట్టి బయటి మనిషి ఒకడు కావాలి. అక్టోబరు 25న అతడికి 14,000 డాలర్ల నగదు అందింది. అతడు డిసెంబరు 2న ఇచ్చిన సంకేతాల పట్టికని కితా మర్నాడు టోక్యోకి పంపాడు. 1 నుంచి 8 దాకా అంకెలు, ఒక్కోటి ఒక్కో స్థితి: యుద్ధ బలగం బయల్దేరబోతోంది, వాహక నౌకలు కొన్ని వెళ్లాయి, అన్నీ వెళ్లాయి, ఇలా. లనికాయ్ తీరపు ఇంట్లో రాత్రి ఏ గంటకి దీపం వెలిగితే ఆ అంకె. పగలైతే పడవ తెరచాప మీద నక్షత్రం గుర్తు. రేడియోలో చైనా తివాచీ అమ్మకమనో, కోళ్ల ఫారమనో, బ్యూటీ ఆపరేటర్ కావాలనో ప్రకటన. ఇవేవీ కుదరకపోతే మావి దీవి మీద మంటలు. తీరానికి దూరంగా ఉన్న జలాంతర్గామి చూసుకుంటుంది.

ఈ సందేశం డిసెంబరు 6, శనివారం, వాషింగ్టన్ నౌకాదళ విభాగంలో కొత్తగా చేరిన డొరొతీ ఎడ్జర్స్ బల్లమీద ఉంది. మధ్యాహ్నానికి పని వేళ ముగిసినా ఆమె ఉండిపోయి తర్జుమా చేసింది. పై అధికారి క్రేమర్ ఆ రోజు టోక్యో నుంచి భాగాలుగా వస్తున్న 14 భాగాల పర్పుల్ సందేశంతో తలమునకలై ఉన్నాడు. మిగతాది సోమవారం చూద్దామన్నాడు. క్యూన్‌కి 1942 ఫిబ్రవరిలో మరణశిక్ష పడింది, తర్వాత 50 ఏళ్ల కఠిన శిక్షగా తగ్గించారు, యుద్ధం అయ్యాక దేశం నుంచి పంపేశారు.

వాషింగ్టన్ అధికారుల పక్షాన ఒక మాట చెప్పకపోతే అన్యాయం. ఓడల కదలికల ప్రశ్నలు పనామాకి, మనీలాకి, సియాటెల్‌కి కూడా వెళ్లేవి, రోజూ కుప్పలుగా వచ్చేవి. రేవుని గళ్లుగా విడగొట్టిన ప్రశ్న మాత్రం పెర్ల్ హార్బర్‌కే వెళ్లింది. సైనిక గూఢచారి విభాగంలోని కర్నల్ బ్రాటన్ ఆ తేడా గమనించాడు. అయినా హవాయిలో నౌకాదళాన్ని నడిపే అడ్మిరల్ కిమ్మెల్‌కి గాని, సైన్యాన్ని నడిపే జనరల్ షార్ట్‌కి గాని ఆ కాగితం ఎవరూ పంపలేదు. డిసెంబరు 7 ఉదయం 7:55కి బాంబులు పడ్డాయి. 2,403 మంది చనిపోయారు.

ఆ రోజుతో జపాన్ హవాయిలో కన్ను పోగొట్టుకుంది. ఈ భాగాన్ని చాలామంది దాటేస్తారు. పోలీసులు కాన్సులేట్‌లోకి వెళ్లేసరికి కాగితాలు కాలుతున్నాయి, యొషికావా దొరికిపోయాడు. అతడి అసలు పని అప్పటికి ఎవరికీ తెలియదు. దౌత్య ఉద్యోగుల మార్పిడిలో 1942లో ఇంటికి వెళ్లిపోయాడు. కానీ పెర్ల్ హార్బర్‌ని రోజూ చూసే మనిషి మళ్లీ దొరకలేదు. ఇక విమానాలే దిక్కయ్యాయి. 1942 మార్చిలో నీటిమీద దిగగల రెండు పెద్ద జపాన్ విమానాలు ఫ్రెంచ్ ఫ్రిగేట్ షోల్స్ దగ్గర జలాంతర్గాముల నుంచి ఇంధనం నింపుకుని హొనొలూలూ దాకా వచ్చాయి. మే చివర్లో మళ్లీ అదే పని చేయబోతే అక్కడ అమెరికా ఓడలు కాపు కాసి ఉన్నాయి. ఆ పరిశీలన రద్దయింది.

సరిగ్గా అదే వారంలో మే 27న, కోరల్ సముద్రపు పోరులో దెబ్బతిన్న అమెరికా విమానవాహక నౌక యార్క్‌టౌన్ పెర్ల్ హార్బర్ చేరింది, మర్నాడు డాక్‌లోకి వెళ్లింది, హడావిడిగా మరమ్మతు చేయించుకుని 30న బయల్దేరింది. ఐయేయా కొండమీద ఒక మనిషి ఉంటే ‘కెఎస్’ అని రెండక్షరాలు పంపేవాడు. ఎవరూ లేరు. అది కోరల్ సముద్రంలోనే మునిగిపోయిందని జపాన్ అనుకుంటోంది.

మరోవైపు అమెరికా నౌకాదళ సంకేత నిపుణుడు జోసెఫ్ రోష్‌ఫోర్ట్ బృందం పెర్ల్ హార్బర్‌లోనే కూచుని జపాన్ నౌకాదళ సంకేతం జెఎన్-25ని ముక్కలుముక్కలుగా చదువుతోంది. ‘ఎఎఫ్’ మీద దాడి అని ఉంది, అది ఎక్కడో రుజువు కావాలి. పసిఫిక్‌లో అమెరికా అధీనంలో ఉన్న మిడ్వే దీవికి సముద్రపు కేబుల్ ద్వారా రహస్యంగా ఆజ్ఞ వెళ్లింది: మంచినీటి యంత్రం పాడైందని రేడియోలో సాదా భాషలో చెప్పండి. కేబుల్ మాట జపాన్‌కి వినపడదు, రేడియో మాట వినపడుతుంది. కొద్ది రోజుల్లోనే జపాన్ వినికిడి కేంద్రం ‘ఎఎఫ్’లో నీళ్ల కొరత అని నివేదించింది. ఈసారి ప్రశ్న వేసింది అమెరికా, జవాబిచ్చింది జపాన్. మిడ్వేకి 175 మైళ్ల దూరాన, 325 డిగ్రీల దిశలో, ఉదయం 6 గంటలకి శత్రువు కనపడతాడని గూఢచారి అధికారి ఎడ్విన్ లేటన్ పసిఫిక్ నౌకాదళాధిపతి నిమిట్జ్‌కి చెప్పాడు. జూన్ 4న ఇంచుమించు అలాగే కనపడ్డారు.

మన తీరం మాట ఒక్క వాక్యంలో: పెర్ల్ హార్బర్‌కీ మిడ్వేకీ మధ్యలో, ఏప్రిల్ 6న, అదే జపాన్ నౌకాదళానికి చెందిన ర్యూజో అనే వాహక నౌక విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి.

చివరగా అమెరికా పంపిన మనుషుల గురించి. 1941 మార్చిలో హవాయిలో పుట్టిన ఇద్దరు జపనీస్ అమెరికన్లు, రిచర్డ్ సకకిదా, ఆర్థర్ కొమోరి, సైనిక గూఢచారి పోలీసు విభాగంలో చేరి మనీలా వెళ్లారు. సకకిదా సియర్స్ కంపెనీ అమ్మకాల ప్రతినిధినని చెప్పుకుని నిషికావా హోటల్లో దిగాడు. జులైలో జపనీయుల ఆస్తుల్ని అమెరికా స్తంభింపజేశాక మనీలాలో ఉన్న ప్రతి జపనీయుడూ ఇంగ్లిష్ ఫారాలు నింపాల్సి వచ్చింది. ఇంగ్లిష్ రాని వాళ్లకి సాయం చేస్తూ సకకిదా వాళ్ల బ్యాంకు ఖాతాలు, పాత సైనిక శిక్షణ వివరాలు తెలుసుకున్నాడు. ఇక్కడా దొంగతనం లేదు, ప్రభుత్వ ఫారమే ప్రశ్నాపత్రం. డిసెంబరులో యుద్ధం రాగానే ఇద్దర్నీ జపనీయులతో కలిపి అరెస్టు చేశారు. బయటికి తెచ్చాక ఫిలిప్పీన్స్‌లోనే బటాన్‌లో, కొరెహిడోర్‌లో ఖైదీల్ని ప్రశ్నించారు, పట్టుబడిన కాగితాలు తర్జుమా చేశారు. కొమోరి విమానంలో ఆస్ట్రేలియా చేరాడు. సకకిదా తన చోటు ఇంకొకరికి ఇచ్చి ఉండిపోయి, 1942 మేలో పట్టుబడి చిత్రహింసలు అనుభవించాడు, సైనికుడినని ఒప్పుకోలేదు.

ఇదే సమయంలో అమెరికా పడమటి తీరంలో సుమారు 1,20,000 మంది జపాన్ మూలాల వాళ్లని, వాళ్లలో మూడింట రెండొంతులు అమెరికా పౌరుల్ని, ఇళ్లు ఖాళీ చేయించి శిబిరాల్లో పెట్టారు. ఆ తీరంలో వాళ్లెవరూ గూఢచర్యం చేసినట్టు ఆధారం లేదని అమెరికా ప్రభుత్వ కమిషనే 1980లలో తేల్చింది. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రెసిడియోలో 1941 నవంబరు 1న సైనిక జపనీస్ భాషా పాఠశాల 60 మంది విద్యార్థులతో మొదలైంది. వాళ్లలో 58 మంది జపనీస్ అమెరికన్లే. ఆ విద్యార్థులకి పడమటి తీరంలో ఉండే హక్కు పోవడంతో 1942లో పాఠశాలనే మిన్నెసోటాకి తరలించాల్సి వచ్చింది. యుద్ధం ముగిసేలోపు అక్కడ చదివిన వేలమంది పసిఫిక్ అంతటా పట్టుబడిన పటాలు, డైరీలు, ఆజ్ఞలు చదివి పెట్టారు.

ఇక మీ ప్రశ్నలు అడగండి.